అసలు, నకలు, నకిలీ

"సార్, మా సైటుకి క్యాష్‌లో ఏమీ లేదంటున్నారు. డబ్బులు కట్టాలా?"

అడిగింది పెడన నుంచి రోజూ బస్సులో బందరు వచ్చి చదువుకునే అమ్మాయి. డిగ్రీ రెండో సంవత్సరం. పదేళ్ల కిందటి మాట. వాళ్లింట్లో మూడు తరాలుగా కలంకారీ అద్దకం. నాన్నగారు ముచ్చటపడి ఎవరిచేతో వెబ్‌సైటు చేయించారు. ఏడాది దాటినా గూగుల్‌లో ఎంత వెతికినా అది రాదు. సైటు కట్టిన కుర్రాణ్ని నిలదీస్తే "క్యాష్‌లో ఏమీ లేదండీ, అందుకే రావట్లేదు" అన్నాడట. ఇంటిల్లిపాదీ దాన్ని నగదు అనుకున్నారు.

క్లాసులో పిల్లలు నవ్వారు. నేను మాత్రం ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టేశాను. నాకు అంతకంటే ఇష్టమైన పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది మరి.

ఈ క్యాష్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దాచిపెట్టడం అని అర్థం. పలకడం నగదులాగే పలుకుతారు, అక్కడే తికమక. తెలుగులో దీనికి కొత్త మాట పుట్టించక్కర్లేదు. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ తెలిసిన మాటే ఉంది: నకలు.

గూగుల్‌లో ఒక మాట కొట్టగానే అది ఉన్నపళాన ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ తిరిగి వెతుక్కొస్తుందని క్లాసులో ముప్పాతిక మంది నమ్మకం. అలా జరగదు. పొలం కొనేముందు అడంగల్, అంటే పొలంలో ఏం సాగవుతోందో రాసే రికార్డు, తీయిస్తాం కదా. అడంగల్ ఇమ్మంటే గుమాస్తా గట్టు మీదికి వెళ్లి చూసి రాడు, రికార్డులో ఎక్కిందే చూసి చెబుతాడు. పొలానికి ఎవరో ఒకరు ఎప్పుడో వెళ్లి ఉంటారు, రాసుకుని ఉంటారు. ఆ తర్వాత గుడివాడ పక్క ఎన్ని వరిచేలు చేపల చెరువులయ్యాయో మనకు తెలుసు. నేల మీద చెరువున్నా, అడంగల్లో మార్చేదాకా అది వరే. సెర్చ్ ఇంజన్ కూడా అంతే. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాము ముందే మన పేజీకి వచ్చి నకలు తీసుకుపోతుంది. మనం అడిగినప్పుడు గూగుల్ వెతికేది ఆ నకళ్ల కొట్టులోనే. మన పేజీ ఎంత బాగున్నా, కొట్టులో ఉన్న నకలు ఎలా ఉందన్నదే లెక్క.

ఈ కొట్టును మొదట ఎలా కట్టారో 1998లో గూగుల్ స్థాపకులు సెర్జీ బ్రిన్, లారీ పేజ్ తమ పరిశోధన పత్రంలో వివరంగా రాశారు. అప్పటికి వాళ్లు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. నేను ఏటా పిల్లల చేత చదివించే పత్రం అది. 2 కోట్ల 40 లక్షల పేజీలు తెచ్చారు. మొత్తం 147.8 గిగాబైట్లు. వాటిని కుదించి 53.5 గిగాబైట్లలో సర్దారు. ఈ రోజు జేబులో ఉన్న ఫోను మెమరీ కార్డులో పట్టేస్తుంది. ఇంకా గట్టిగా కుదించే పద్ధతి వాళ్ల చేతిలో ఉంది, నాలుగోవంతుకు తెస్తుంది. కానీ దానికి సమయం ఎక్కువ పడుతుందని, మూడోవంతుకు మాత్రమే తెచ్చే చురుకైన పద్ధతిని ఎంచుకున్నారు. గింజ నలగకుండా బస్తా ఎంత కుక్కాలో తెలిసిన మిల్లు మేస్త్రి తూకం అది.

వాళ్ల అసలు తెలివి ఇంకోచోట ఉంది. పేజీలో మాటలు ఏరుకుని పేజీని పారేయవచ్చు. అంతకుముందు చాలా సెర్చ్ యంత్రాలకు ఆ మాటల పట్టిక ఉంటే సరిపోయేది. వీళ్లు పేజీ మొత్తాన్ని, దాని వెనకున్న కోడుతో సహా దాచారు. ప్రతి నకలు ముందూ ఒక నంబరు, దాని పొడుగు, దాని అడ్రసు. ఇంతే. మిగతా పట్టికలన్నీ కాలిపోయినా సరే, ఈ నకళ్ల కొట్టు, పేజీలు తెచ్చేటప్పుడు ఎదురైన లోపాల జాబితా మిగిలితే అన్నిటినీ మళ్లీ కట్టుకోవచ్చు. రేపు పేజీల విలువ కట్టే కొత్త ఉపాయం తోచినా మళ్లీ ప్రపంచమంతా తిరగక్కర్లేదు, ఉన్న నకళ్లనే ఇంకోసారి చదివితే సరిపోతుంది. పెడనలో టేకు అచ్చులు పదిలంగా ఉంటే ఎన్ని తానులైనా మళ్లీ అద్దుకోవచ్చు చూడండి, ఆ ధీమా అన్నమాట.

ఇక నకలు నుంచి పట్టిక ఎలా అల్లుతారన్నది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతి. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, ఏ మాట ఏ పేజీలో ఉందో. ఆ పత్రంలో ఉన్నదీ అదే, కాకపోతే ఒక్కో మాట ఎదురైన ప్రతిసారీ 16 బిట్ల చిన్న చీటీ రాసేవారు. పదహారంటే పదహారే. అందులో 12 బిట్లు ఆ మాట పేజీలో ఎన్నోదో చెబుతాయి. 3 బిట్లు అక్షరాల సైజు, చుట్టుపక్కల వాటికంటే పెద్దవా చిన్నవా అని. మిగిలిన 1 బిట్టు అది ఇంగ్లిషు పెద్దబడి అక్షరమా కాదా అన్నది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి తెలుగు మాటకి ఆ బిట్టుతో పనే లేదు. సైజు గడిలో 7 అని ఉంటే అది మామూలు మాట కాదని గుర్తు. పేజీ శీర్షికలోనో, అడ్రసులోనో, లేదా పక్క పేజీవాళ్లు మనకిచ్చిన లింకులోనో ఉన్న మాట. వాటికి మర్యాద ఎక్కువ.

ఆ లింకు మాటల ముచ్చట నకలు మీదే కనిపించేది. గూగుల్ నకలు తెరిస్తే పైన ఒక పట్టీ ఉండేది, ఇది ఫలానా పేజీకి ఫలానా తేదీన, ఫలానా గంటకు తీసిన నకలు అని. మనం వెతికిన మాటలకు పసుపు, పచ్చ రంగులు పూసి చూపేది. ఒక్కోసారి ఆ మాట పేజీలో ఎక్కడా ఉండదు. అప్పుడు ఈ మాట ఈ పేజీకి వచ్చే లింకుల్లో మాత్రమే ఉంది అని రాసేది. ఎక్కడో ఎవరో "బందరు లడ్డు ఇక్కడ దొరుకుతుంది" అని రాసి ఒక దుకాణం పేజీకి లింకు ఇస్తారు. దుకాణం పేజీలో లడ్డు అన్న మాటే లేకపోయినా గూగుల్ దాన్ని లడ్డు దుకాణంగా పోల్చుకుంటుంది. నలుగురూ నిన్ను ఏమని పిలుస్తారో అదీ నీ పేరే! దాన్ని అంత బాహాటంగా చూపించిన చోటు ఆ నకలు పట్టీ ఒక్కటే.

పెడన అమ్మాయి దగ్గరికి వస్తాను. ల్యాబులో గూగుల్ తెరిచి, ఇంగ్లిషులో క్యాష్ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, వాళ్ల సైటు అడ్రసు కొట్టాం. నకలు వచ్చింది. చూడటానికి సైటు ఉన్నట్టే ఉంది. "ఉంది కద సార్!" అంది. పట్టీలో అక్షరాలు మాత్రమే చూపించు అనే లింకు ఉండేది. అది నొక్కించాను. అద్దకాల బొమ్మలు, నెమళ్లు, జీవవృక్షం, నాన్నగారి ఫొటో, దుకాణం పేరు, ఫోను నంబరు అన్నీ మాయం. మిగిలినవి హోమ్, అబౌట్ అస్, గ్యాలరీ, కాంటాక్ట్. అడుగున సైటు కట్టినవాళ్ల ప్రకటన ఒక వాక్యం. పేజీ శీర్షిక దగ్గర అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్.

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

జరిగిందేమిటంటే, దుకాణం పేరుతో సహా మాటలన్నిటినీ బొమ్మగా చేసి అతికించారు. కంటికి అవి అక్షరాలు, యంత్రానికి రంగు చుక్కలు. చీటీ రాయడానికి ఒక్క మాట దొరకాలి కదా. పెడన అన్న మాట లేదు, కలంకారీ అన్న మాట లేదు. అద్దకంలో ముందు నల్లగీత అచ్చు వేసి, ఆ తర్వాత రంగుల అచ్చులు వేస్తారు. గీత పడకపోతే ఎర్రరంగు ఎక్కడ నింపాలో తెలియదు. అక్షరాల నకలు అంటే ఆ నల్లగీత వేసిన గుడ్డ. వీళ్ల సైటులో రంగులన్నీ పడ్డాయి, గీత మాత్రం లేదు.

మర్నాడు ఆ అమ్మాయే కాగితం మీద ఏం రాయాలో రాసుకొచ్చింది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ నానబెట్టడం, తుప్పు ఇనుము, బెల్లంతో నల్లరంగు కట్టడం, పటిక, కాలవలో జాడించడం. నేను ఒక్కటి కలిపాను. కలంకారీ అని మాత్రమే రాస్తే శ్రీకాళహస్తి కూడా వస్తుంది. అక్కడ కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చుతో అద్దుతారు. కాబట్టి పెడన, మచిలీపట్నం, బందరు, అచ్చు అద్దకం అనే మాటలు ఉండాలి, అవి అక్షరాల్లోనే ఉండాలి. ఊరి పేరు కొందరు మచిలీపట్నం అని వెతుకుతారు, కొందరు బందరు అని. పేజీలో రెండూ సహజంగా దొర్లాలి. బొమ్మలు తీసేయమనలేదు. ప్రతి బొమ్మ వెనక అదేమిటో చెప్పే మాట రాయడానికి కోడులో చోటుంది, దాన్ని నింపమన్నాను. తర్వాత నకలు తేదీ మారేదాకా రోజూ చూసింది. తేదీ మారిన రోజు అక్షరాల నకలులో పెడన అన్న మాట కనిపించింది.

ఆ తేదీ గురించి ఒక చిన్న సంగతి. బాట్ వచ్చినప్పుడు మన సర్వరు "నువ్వు పోయినసారి వచ్చాక ఏమీ మారలేదు" అని చెప్పగలదు. ఆ జవాబుకి 304 అని సంఖ్య. అప్పుడు బాట్ పాత నకలుతోనే సరిపెట్టుకుంటుంది. మొదట్లో ఇలాంటప్పుడు నకలు మీద పాత తేదీయే ఉండేది. మమ్మల్ని గూగుల్ మరిచిపోయిందని సైటువాళ్లు కంగారుపడేవారు. 2006 నుంచి బాట్ ఆఖరుసారి తొంగిచూసిన తేదీనే వేయడం మొదలుపెట్టారు.

నకలులో ఇంకో వింత. మన అడ్రసు కొడితే ఒక్కోసారి వేరేవాళ్ల పేజీ నకలు వచ్చేది! పట్టీలో అడ్రసు కూడా వాళ్లదే. దుకాణాలవాళ్లు హోల్‌సేలు వ్యాపారి రాసుకున్న వర్ణనను పొల్లుపోకుండా ఎత్తి పెట్టుకున్నప్పుడు ఇలా అయ్యేది. రెండు పేజీలు అచ్చుగుద్దినట్టు ఉంటే యంత్రం ఒకదాన్ని అసలుగా తీర్మానించి, రెండోదాన్ని దాని కింద కలిపేస్తుంది. మనం అసలు అనుకుంటున్నది దాని లెక్కలో నకలు. ఈ తీర్పును నోటితో చెప్పకపోయినా నకలు పట్టీలోని అడ్రసు చెప్పేసేది. మందు ఒకటే, సొంత మాటల్లో రాసుకోవడం.

ఇప్పుడు నకిలీ సంగతి. బందరు పక్క చిలకలపూడి రోల్డ్‌గోల్డు నగలు దేశమంతా తెలుసు. అక్కడివాళ్లు అది బంగారమని చెప్పి అమ్మరు, ఇమిటేషన్ అని చెప్పే అమ్ముతారు, అది నిజాయితీ వ్యాపారం. వెబ్‌లో నకిలీ వేరు. మనిషి వస్తే ఒక పేజీ, బాట్ వస్తే ఇంకో పేజీ చూపించడం. బాట్ తన పేరు చెప్పుకునే తలుపు తడుతుంది, కాబట్టి ఇది చాలా సులువు. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ జర్మనీ సైటు ఇలాగే దొరికింది. బాట్‌కి వాడిన కార్లు అన్న మాట గుప్పించిన పేజీ, మనిషికి బొమ్మలున్న వేరే పేజీ. గూగుల్ ఆ సైటును కొన్నాళ్లు జాబితాలోంచే తీసేసింది. ఇలాంటి మోసం పట్టుకోవడానికి అప్పట్లో సామాన్యుడి చేతిలో ఉన్న సాధనం నకలే. పేజీని ఒక పక్క, నకలును ఒక పక్క తెరిచి పెట్టుకుంటే సరిపోయేది. అసలుకీ నకలుకీ పొంతన లేకపోతే మధ్యలో నకిలీ ఉన్నట్టే. మోసగాళ్లూ ఊరుకోలేదు. నా నకలు చూపించవద్దు అని కోడులో ఒక ముక్క రాసుకునే వీలుండేది, దాన్ని అడ్డం పెట్టుకోసాగారు. దాంతో ఆ ముక్క కనిపిస్తేనే అనుమానించేవాళ్లు తయారయ్యారు. ఈ ఎత్తు, పైఎత్తు చూడటం నాకు చదరంగం చూసినట్టే ఉండేది.

నా కళ్లారా చూసినదొకటి ఉంది. మన జిల్లాలోనే ఒక విద్యాసంస్థ సైటు. బ్రౌజరులో తెరిస్తే ప్రిన్సిపాలు సందేశం, ఫీజుల వివరాలు, అంతా శుభ్రం. గూగుల్‌లో మాత్రం ఆ కాలేజీ పేరు కింద విదేశీ మాత్రల ప్రకటనలు. గూగుల్‌దే తప్పని అక్కడివాళ్లు గట్టిగా వాదించారు. నకలు తెరిచాను. పేజీ నిండా మందుల పేర్లు, ఎక్కడెక్కడికో లింకులు. ఎవరో సర్వరులో చొరబడి, బాట్ వచ్చినప్పుడు మాత్రమే ఆ సరుకు బయటపెట్టేలా కోడు నాటి వెళ్లారు. సొంతవాళ్లు రోజూ చూసుకుంటున్నా ఏమీ కనపడదు. నకలు తెరవకపోతే ఎన్నాళ్లు అలా ఉండేదో.

తెలుగువాళ్లకు ఈ నకలు చెప్పిన పెద్ద నిజం ఇంకొకటుంది. రెండువేల సంవత్సరం చుట్టుపక్కల తెలుగు పత్రికలు చాలావరకు వెబ్‌లో తమ సొంత ఫాంట్లు వాడేవి. తెర మీద తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిషు, ఫ్రెంచి అక్షరాల సంఖ్యలు. ఆ సంఖ్యల మీద తెలుగు ముక్కల ముసుగు వేసేది ఫాంటు. ఆ పేజీల నకలు తెరిస్తే నెత్తిన గీతలు, చుక్కలు ఉన్న రోమను అక్షరాల పోగు, చదివే మనిషి లేడు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్లు 1991లోనే కేటాయించారు. దివిసీమ అని రాస్తే 3110, 3135, 3125, 3135, 3128, 3136, 3118. ఈ ఏడు సంఖ్యలు ఇదే వరసలో ఉన్న పేజీయే దివిసీమ అని వెతికినవాడికి దొరుకుతుంది. ముసుగు ఫాంటులో దివిసీమ గురించి ఎన్ని వందల వార్తలు రాసినా ఈ ఏడు సంఖ్యలు వాటిలో లేవు. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీద అప్పట్లో ఆ సైట్లలో ఎన్ని వ్యాసాలు వచ్చినా తెలుగులో వెతికినవాడికి లేనట్టే. వెన్న నాగార్జున పద్మ అనే పరికరాన్ని తయారుచేసి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఆ ముసుగు ఫాంట్లను యూనికోడ్‌గా మార్చి చూపించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే పరికరంతో మామూలు కీబోర్డు మీద యూనికోడ్ తెలుగు రాయడం అందరికీ వచ్చింది. ఈ ఇద్దరికీ మనం పడిన రుణం చిన్నది కాదు. సెర్చ్ ఇంజన్ నకళ్లలో తెలుగు తెలుగుగా కనిపించడం మొదలైంది అలాంటివాళ్ల పనివల్లే.

మిగతా చరిత్ర తొందరగా చెప్పేస్తాను. నా రచనల నకళ్లు ఎలా చూపిస్తారని బ్లేక్ ఫీల్డ్ అనే అమెరికా న్యాయవాది గూగుల్ మీద దావా వేశాడు. వద్దంటే ఆపుకునే వీలు ఉందని తెలిసీ వాడుకోలేదు కాబట్టి 2006లో నెవాడా కోర్టు గూగుల్ పక్షాన తీర్పిచ్చింది. తర్వాత, బ్రౌజరులో తెరిచాకే అక్షరాలు పేర్చే జావాస్క్రిప్ట్‌తో కట్టిన సైట్లు పెరిగాయి. వాటి నకలు తెరిస్తే తెల్లకాగితం వచ్చేది. గూగుల్ లోపల ఆ పేజీని వండుకుని చదువుతున్నా, బయటికి చూపే నకలు మాత్రం వండని సరుకు. అంటే ఆఖరి ఏళ్లలో నకలు ఖాళీగా ఉన్నంత మాత్రాన గూగుల్ పేజీని చదవలేదని చెప్పడానికి వీల్లేకపోయింది. ఖాళీ నకలు ఒక చిక్కైతే, పాతబడిన నకలు ఇంకో చిక్కు. తుపాను రోజున వాతావరణ శాఖ బులెటిన్ తెరుచుకోక నకలు చూసేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేవాణ్ని, ముందు పైనున్న తేదీ, గంట చూడమని. నిన్నటి నకలు నమ్ముకుంటే దివిసీమలో ప్రాణం మీదికి వస్తుంది.

2024 ఆరంభంలో గూగుల్ ఆ నకలు లింకును తీసేసింది. పేజీలు సరిగా తెరుచుకోని రోజుల కోసం పెట్టిన ఏర్పాటు అది, ఇప్పుడు ఆ అవసరం లేదని వాళ్ల మాట. రెండు చుక్కల ఆదేశం కూడా ఆ ఏడాదే మూతపడింది. పాత పేజీలు కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ఉంది. అది గొప్ప భండారమే. అయితే అది దాచేది ఆర్కైవ్ చూసిన పేజీ, సెర్చ్ ఇంజన్ చూసిన పేజీ కాదు. సైటు సొంతదారుకి గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ అనే పరికరం ఇచ్చారు. బాట్ తీసుకెళ్లిన కోడు అందులో కనిపిస్తుంది. పాత నకలు కంటే అది ఖచ్చితమైనది, ఒప్పుకుంటాను. కానీ సొంతదారు కానివాడు అందులోకి తొంగిచూడలేడు. పక్కవాడి పేజీలో నకిలీని ఒక విద్యార్థి పట్టుకునే దారి మూసుకుపోయింది. ఇది తప్పు నిర్ణయమని నా అభిప్రాయం.

పెడనలో, చిలకలపూడిలో, గుడివాడలో సైటు పెట్టుకున్నవాళ్లకు ఒక్క మాట. సెర్చ్ కన్సోల్ ఖాతాకు పైసా ఖర్చు లేదు. ఈ రోజే తెరిచి మీ పేజీ అడ్రసు ఇవ్వండి, బాట్ తీసుకెళ్లిన కోడు తెప్పించుకుని అందులో మీ ఊరి పేరు, మీ సరుకు పేరు, మీ ఫోను నంబరు అక్షరాల్లో ఉన్నాయో లేదో వెతకండి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా సైటు కట్టినవాళ్లకి ఫోను చేసి రాయించండి.